చిన్న పాపువన్ భాషాకుటుంబాలను పోల్చి వర్గీకరించడం ఎలా: దిగువ సెపిక్ ఉదాహరణ

న్యూగినీలోనూ దాని చుట్టుపక్కల దీవుల్లోనూ వినిపించే దాదాపు 800 భాషలను పాపువన్ భాషలని వ్యవహరిస్తారు. ఆ పేరు ఒక కుటుంబానిది కాదు. ఆస్ట్రోనేషియన్ కుటుంబానికి గాని ఆస్ట్రేలియా ఆదివాసీ భాషలకు గాని చెందనివన్నీ ఆ పేరు కిందికి వస్తాయి. అందువల్ల ఒక భాషను పాపువన్ అన్నంత మాత్రాన దాని బంధుత్వం గురించి ఏమీ తేలదు. ఇక్కడ పాపువా న్యూగినీ ఉత్తర ప్రాంతంలో, సెపిక్ నది దిగువ భాగంలో మాట్లాడే దిగువ సెపిక్ కుటుంబాన్ని ఉదాహరణగా తీసుకుంటున్నాను. యిమాస్, కరవరి, అంగోరమ్, చంబ్రి, మురిక్, కొపార్ ఇందులోని భాషలు.

ముందుగా, వేటిని సాక్ష్యంగా తీసుకోకూడదో నిర్ణయించుకోవాలి. క్రియ వాక్యం చివర రావడం, ఒక పనిని మరో పనికి అసమాపక క్రియలతో గొలుసుగా కలపడం న్యూగినీ అంతటా కనిపిస్తాయి. తెలుగులోనూ 'వచ్చి, తిని, వెళ్ళాడు' అంటాం. ఇటువంటి లక్షణాలు చుట్టరికం లేని భాషల మధ్య కూడా ఇరుగుపొరుగు సంబంధాల వల్ల పాకుతాయి కనుక, వాటిని నమోదు చేసుకోవాలే తప్ప కుటుంబ నిర్ణయానికి వాడకూడదు.

తరువాత సర్వనామాలను చూడాలి. భాషాశాస్త్రవేత్త మాల్కమ్ రాస్ 2005లో పాపువన్ భాషలను తొలి విడత గుంపులుగా విడదీయడానికి వీటినే ఆధారం చేసుకున్నారు. అయితే ఒక్క రూపాన్ని పట్టుకుంటే మోసపోతాం. ట్రాన్స్-న్యూగినీ అనే పెద్ద పాపువన్ కుటుంబపు మూలభాషకు పునర్నిర్మించిన 'నేను' రూపం 'న'. మన 'నా'కు అది ఎంత దగ్గరగా ఉన్నా, అక్కడ 'నీవు' రూపం 'గ' కావడంతో, 'ని' అనేది 'మేము' కావడంతో ఆ పోలిక అక్కడికక్కడే కూలిపోతుంది. కాబట్టి రూపావళి మొత్తాన్ని, దాని లోపలి నిర్మాణంతో సహా పోల్చాలి. యిమాస్‌లో 'మేమిద్దరం' కప, 'మీరిద్దరు' కప్వ. 'మేము' ఇప, 'మీరు' ఇప్వ. వచనానికి ముందు భాగం, పురుషకు వెనుక భాగం ఎలా పనిచేస్తున్నాయో ఈ నాలుగు మాటల్లోనే తెలుస్తుంది. ఇలాంటి అల్లిక మరో భాషలోనూ అదే పద్ధతిలో కనబడితే, అది కాకతాళీయమనడం కష్టం.

అసలు రుజువు ధ్వనుల క్రమబద్ధతలోనే ఉంటుంది. కన్నడ 'కివి'కి తెలుగు 'చెవి', 'కెఱె'కు 'చెరువు' ఉన్నట్టు, ఒకే తేడా పదే పదే రావాలి. (ఈ సెపిక్ భాషల్లో నాలుక మధ్యభాగం ఎత్తి పలికే మధ్యాచ్చుకు మన లిపిలో గుర్తు లేదు కనుక ఇక్కడ ఇత్వంతో రాస్తున్నాను.) నీటిని యిమాస్, కరవరి, చంబ్రి, మురిక్ భాషలు 'అరిమ్' అంటే అంగోరమ్ 'అలిమ్' అంటుంది. రూపాలు ఇంత ఒకేలా ఉన్నప్పుడు ఎరువు మాటేమోనన్న, అంటే మరో భాష నుంచి తెచ్చుకున్నదేమోనన్న అనుమానం కూడా రావాలి. అంతకంటే విలువైనవి పైకి వేరుగా కనిపించే జతలు: సూర్యుడు యిమాస్‌లో 'తిమల్', కరవరిలో 'సిమరి', పన్ను యిమాస్‌లో 'తిరింగ్', కరవరిలో 'సిసింగ్'. రెండుచోట్లా పదాది తకారానికి సకారం సమానమైంది. అయితే రెండింటిలోనూ తరువాతి అచ్చు ఒకే తరహాది కనుక, అకారం ముందు వచ్చే తకారానికి ఏమవుతుందో వెతికి చూశాకే సూత్రం రాయాలి. సూత్రానికి లొంగని మాటలను దాచకుండా విడిగా రాసి పెట్టుకోవాలి. ఎరువు మాటలు చాలావరకు అక్కడే బయటపడతాయి.

ఈ ప్రాంతంలో ఎరువులు తక్కువ కాదు. యిమాస్ వారు పొరుగున ఉన్న అరాఫుండి వారితో వ్యాపారానికి ప్రత్యేకంగా ఒక సరళమైన మిశ్రభాషను, అంటే పిడ్జిన్‌నే వాడేవారు. న్యూగినీలో చాలాచోట్ల అత్తమామల వంటి బంధువుల పేర్లు పలకరాదన్న నియమం ఉంది. పేరును పోలిన మామూలు మాటను కూడా మానుకోవలసి వచ్చినప్పుడు దాని స్థానంలో మరో మాట చేరుతుంది. అందుకే ప్రాథమిక పదాల జాబితాలో సమాన పదాల శాతం లెక్కగట్టి కుటుంబాన్ని ప్రకటించే పద్ధతి నా దృష్టిలో ప్రాథమిక సర్వేకు తప్ప దేనికీ చాలదు.

చివరిగా, ఎక్కడ ఆగాలో తెలియాలి. భాషాశాస్త్రవేత్తలు లేకాక్, జ్‌గ్రాగెన్ 1975లో సెపిక్-రాము అనే విశాల సమూహాన్ని ప్రతిపాదించారు. రాస్ సర్వనామాలను పరిశీలించి దాన్ని విడగొట్టారు. దిగువ సెపిక్ మాత్రం నిలిచింది. గాపున్ గ్రామంలో మాట్లాడే తయాప్‌ను కూడా ఒకప్పుడు సెపిక్-రాము సమూహంలోనే చేర్చారు; ఇప్పుడు దాన్ని ఏ కుటుంబానికీ చెందని ఏకాకి భాషగానే లెక్కిస్తున్నారు. బంధుత్వం రుజువు కాని భాషను అలాగే ఏకాకిగా నమోదు చేసి, పరిశీలించిన పదాల జతలన్నిటినీ, నిలవని వాటితో సహా, పక్కనే జతచేయాలి. అప్పుడే కొత్త పదజాలం దొరికిన పరిశోధకులు ఆ నిర్ణయాన్ని మళ్ళీ పరీక్షించగలుగుతారు.