ఆటిజంతో మాటలు రాని పిలకాయలకు స్పీచ్ థెరపీ: సెంటర్లో అరగంట, మిగతాదంతా ఇంట్లోనే

ముందు చెవి టెస్ట్ చేయించండి. పిలిస్తే పలకట్లేదు, మాటలు రాట్లేదు అంటే మొదట వినపడుతుందా లేదా తేలాలి. టీవీలో యాడ్ రాగానే పరిగెత్తుకొస్తాడు కదా, వినపడుతుందిలే అనుకోవద్దు, కొన్ని శబ్దాలు వినపడి కొన్ని వినపడకపోవచ్చు. ఈఎన్‌టీ డాక్టర్ని అడిగి బెరా టెస్ట్ (శబ్దం చెవి నుంచి మెదడుకి చేరుతుందో లేదో చూసేది) రాయించుకోండి, మామూలుగా పిల్లోడు నిద్రపోతుండగా చేస్తారు, నొప్పేం ఉండదు.

ఇంకో మాట. ఏడాది నిండినా వేలితో చూపించకపోయినా, పదహారు నెలలకి ఒక్క మాట లేకపోయినా, రెండేళ్ళకి సొంతంగా రెండు మాటలు కలపకపోయినా పిల్లల డాక్టర్‌కి చూపించండి. వచ్చిన మాటలు పోతే మాత్రం ఏ వయసైనా సరే ఆ వారమే వెళ్ళాలి. ఈ లోపల ఇంట్లో పెద్దోళ్ళు ఊరుకోరు, మగపిలకాయలకి లేటవుద్దిలే, వాళ్ళ నాన్నకీ నాలుగేళ్ళకి గానీ రాలేదు, వసకొమ్ము అరగదీసి నాకించండి, నాలుక కింద నరం కోయించండి అంటారు. వసతో ఆటిజం పిలకాయలకి మాటలు రావు. నాలుక కింద కోయాలా వద్దా అనేది డాక్టర్ చూసి చెప్పాలి, కోసినంత మాత్రాన మాటలు ఊడిపడవు. నెల్లూరు బారాషహీద్ దర్గాలో ఆరోగ్య రొట్టె పట్టుకుంటానంటే పట్టుకోండి, దానికేం తప్పు లేదు, కానీ రొట్టెల పండగొచ్చేదాకా థెరపీ ఆపొద్దు.

యాడికి వెళ్ళాలి అంటే, జిల్లా పెద్దాసుపత్రిలో డీఈఐసీ (పిల్లల ఎదుగుదల లోపాల్ని తొందరగా గుర్తించి చూసే సెంటర్) ఎక్కడో అడగండి, పుట్టినప్పటి నుంచి పద్దెనిమిదేళ్ళ దాకా పిల్లల్ని చూసే ఆర్‌బీఎస్‌కే అనే ప్రభుత్వ ఆరోగ్య స్కీమ్ కింద నడుస్తుంది, డబ్బులు కట్టక్కర్లేదు. నెల్లూరులో వికలాంగుల కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే సీఆర్‌సీ అనే సెంటర్ కూడా ఉంది, సికింద్రాబాద్‌లోని ఎన్ఐఈపీఐడీ (మానసిక ఎదుగుదల లోపాలున్నవాళ్ళ జాతీయ సంస్థ) కింద. మండలాల్లో అయితే ఇట్టాంటి పిల్లల కోసం భవిత కేంద్రం ఉందేమో స్కూల్లో కనుక్కోండి. ప్రైవేట్‌కి వెళ్తే థెరపిస్ట్‌ని ఆర్‌సీఐ (థెరపిస్టుల్ని రిజిస్టర్ చేసే కేంద్ర కౌన్సిల్) రిజిస్ట్రేషన్ నంబర్ అడగండి, మొహమాటపడొద్దు, బీఏఎస్ఎల్‌పీ అనే స్పీచ్ థెరపీ డిగ్రీ గానీ దాని పైన గానీ చదివినోళ్ళు వెంటనే చెప్తారు. ఆరు నెలల్లో మాట్లాడిస్తాం, గ్యారంటీ అనే చోట చెప్పులు తొడుక్కొని బయటికొచ్చేయండి. స్టెమ్ సెల్ అని లక్షలు అడిగే చోట కూడా అంతే, ఆటిజానికి అది పనిచేస్తుందనే రుజువు లేదు.

ఇక అసలు సంగతి. ఉదయగిరి నుంచో కనిగిరి నుంచో పిల్లోణ్ణి ఎత్తుకొని రెండు బస్సులు మారి వస్తే సెంటర్లో అరగంటో ముప్పావుగంటో కూర్చోబెడతారు, వారానికి రెండుసార్లు. మిగతా వారమంతా వాడు మీ దగ్గరే ఉంటాడు. కాబట్టి సెషన్ జరిగేటప్పుడు లోపల కూర్చుంటానని అడగండి, వాళ్ళేం చేస్తున్నారో చూసి అదే ఇంట్లో చేయాలి. తల్లిదండ్రుల్ని బయటే కూర్చోబెట్టి, అయ్యాక కూడా ఏం చెప్పకుండా పంపించే చోట నాకైతే నమ్మకం లేదు.

ఇంట్లో చేయాల్సింది పుస్తకం ముందేసుకొని ఏ ఫర్ యాపిల్ చెప్పించడం కాదు. వాడికి అడగాల్సిన అవసరం తెప్పించాలి. మనం ఏం చేస్తామంటే వాడు అడక్కముందే నీళ్ళు, అడక్కముందే ఫోను, అడక్కముందే బిస్కెట్ చేతిలో పెట్టేస్తాం, ఇంక మాటతో వాడికి పనేముంది? కారప్పూస బయటికి కనపడే ప్లాస్టిక్ డబ్బాలో పోసి మూత గట్టిగా బిగించి వాడి ముందు పెట్టండి. వాడు తిప్పుతాడు, నేలకేసి కొడతాడు, రాకపోతే మీ చెయ్యి పట్టుకొని డబ్బా మీద పెడతాడు. అదే అడగడం. అప్పుడు వెంటనే తీయకుండా వాడి మొహానికి ఎదురుగా కిందే కూర్చొని మనసులో పది దాకా లెక్కపెట్టండి, ఏమీ అనొద్దు. ఏ చిన్న శబ్దం వచ్చినా, చెయ్యి చాపినా, మీ వైపు చూసినా "తియ్" అని మీరే అని మూత తీసి ఒకట్రెండు పుల్లలు ఇవ్వండి, మళ్ళీ మూసేయండి. పది లెక్కపెట్టినా ఏం రాకపోతే కూడా "తియ్" అని ఇచ్చేయండి, ఆకలేసిన బిడ్డని అను అంటేనే ఇస్తా అని ఏడిపించడం థెరపీ కాదు, దాంతో మీరంటేనే చిరాకు పుడుతుంది.

అరచేతిలో పప్పు, కూర, నెయ్యి వేసినట్టు చేసి, ముద్దలు పెట్టి, చెయ్యంతా పాక్కుంటూ వెళ్ళి చంకలో చక్కిలిగిలి పెట్టే ఆట ఉంది చూడండి, మన అమ్మమ్మలు ఆడించేది. అది బంగారం. రోజూ ఒకేలాగా ఆడండి, పిల్లోడికి అలవాటయ్యాక మోచేతి దగ్గర ఆగిపోండి. ఆగితే వాడు మీ మొహంలోకి చూస్తాడు, లేదంటే చెయ్యి లాగి ముందుకు తోస్తాడు, కొన్నాళ్ళకి ఏదో శబ్దం చేస్తాడు. ఉయ్యాల ఊపేటప్పుడు కూడా అంతే, "ఒకటీ, రెండూ" అని ఆగండి. నా కళ్ళలోకి చూడు అని గడ్డం పట్టుకొని తిప్పొద్దు, ఆటిజం పిలకాయల్లో చాలామందికి అది ఇబ్బంది.

ఇదేంది, అదేంది, ఏం రంగు, చెప్పు చెప్పు అని ప్రశ్నలు తగ్గించండి. వాడు ఏం చూస్తున్నాడో దాని పేరు మీరే చెప్పండి, చిన్నగా. వాడు ఒక మాటంటే మీరు రెండనండి, "బస్సు" అంటే "ఎర్ర బస్సు", అంతే, పెద్ద ఉపన్యాసం అక్కర్లేదు. తెలుగులోనే మాట్లాడండి, ఇంట్లో ఏ భాష ఉంటే అదే, రేపు స్కూల్లో ఇబ్బందని మనకే సరిగ్గా రాని ఇంగ్లీషులో కమ్ సిట్ అంటే ఏం లాభం లేదు.

కొంతమంది పిలకాయలు మనం అన్నదే తిరిగి అంటారు. "అన్నం తింటావా?" అంటే "అన్నం తింటావా?" అంటాడు. ఎగతాళి కాదు, వాడికి ఆకలేసినప్పుడు విన్న మాట అదే కాబట్టి అదే వాడుతున్నాడు. తిట్టొద్దు. వాడి నోట్లో ఉండాల్సిన మాట మీరనండి, "అన్నం తింటా", "నీళ్ళు కావాలి", "ఎత్తుకో" అని. మనది ఎట్టాంటి భాష అంటే తింటావా, తింటా అనే చిన్న తేడాలోనే నువ్వూ నేనూ రెండూ ఉంటాయి, ఆ తేడా వాడికి పట్టుబడటానికి టైం పడుతుంది.

మాట బదులు ఫొటో చూపించి అడగడం నేర్పడమంటే చాలామందికి భయం, బొమ్మ చూపించడం అలవాటైతే మాట రాదేమో అని. అట్టా ఏం జరగదు, చాలామందికి మాటకి సాయపడుతుంది కూడా. మీ ఇంట్లో గ్లాసు, మీ బాత్రూమ్ తలుపు, మీ గేటు ఫోన్లో ఫొటో తీసి, ప్రింట్ వేయించి, లామినేషన్ చేయించి ఫ్రిజ్ మీదో తలుపు మీదో వాడికి అందే ఎత్తులో అంటించండి. తిండి బొమ్మలే పెట్టి ఊరుకోవద్దు, వద్దు, నొప్పి, అయిపోయింది అనేవి కూడా ఉండాలి. ఏడ్చి తల కొట్టుకునేది చాలాసార్లు వద్దు అని చెప్పలేకే.

సెషన్‌కి వెళ్ళేటప్పుడు ఇంట్లో వాడు చేసిన శబ్దాలు, ఆటలు ఫోన్లో చిన్న వీడియో తీసుకెళ్ళి చూపించండి, అక్కడ కొత్త మనుషుల్ని చూసి నోరు తెరవరు. ఈ రెండు నెలల్లో దేని మీద పనిచేస్తున్నారో కాగితం మీద రాసిమ్మనండి.

కాగితాల సంగతి కూడా. 2016 వికలాంగుల చట్టంలో ఆటిజం ఉంది, సదరం సర్టిఫికెట్ (వైకల్యం ఉందని ప్రభుత్వం ఇచ్చేది) తీసుకోండి, యూడీఐడీ అనే వికలాంగుల గుర్తింపు కార్డుకి పెట్టండి. ఊళ్ళో తెలిసిపోతుందని ఆగొద్దు. సర్టిఫికెట్ ఉంటే కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వాళ్ళ నిరామయ ఇన్సూరెన్స్‌కి అప్లై చేసుకోవచ్చు, ఏడాదికి లక్ష రూపాయల దాకా కవర్, అందులో థెరపీ ఖర్చుకి కూడా కొంత వస్తుంది. బిల్లులన్నీ తేదీతో సంతకంతో తీసుకొని ఒక ఫైల్లో పెట్టండి, ఏటా రెన్యువల్ మర్చిపోవద్దు.