రికార్డు లేబుల్ వార్షికోత్సవ కచేరీ: రాత్రి పది నుంచి వెనక్కి లెక్కించండి

విశాఖపట్నంలో స్వతంత్ర రికార్డు లేబుల్ (పాటలను రికార్డు చేసి విడుదల చేసే సంస్థ) నడిపేవారు వార్షికోత్సవ కచేరీ తలపెడితే ముందు తేదీ, తరువాత బ్యాండ్ల పేర్లు, ఆపైన పోస్టరు అనే వరుసలో ఆలోచిస్తారు. నిజానికి మొదట రాసుకోవలసినది ముగింపు వేళ. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. ఏడాదికి 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి వరకు సడలింపు ఇచ్చే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది కానీ, ఆ సడలింపు మన కచేరీ రోజునే వస్తుందని నమ్మి టికెట్లు అమ్మడం వివేకం కాదు.

తేదీ విషయంలో అక్టోబరు, నవంబరు నెలలను విడిచిపెట్టడం మంచిది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తాకిన ఊరికి తుపానుల కాలం గురించి వేరే చెప్పనక్కరలేదు. డిసెంబరు 4న నౌకాదళ దినోత్సవ ప్రదర్శన ఇక్కడ జరిగే ఏడాది ఆర్.కె. బీచ్ వైపు రాకపోకలు కష్టమవుతాయి, సంక్రాంతికి సగం ఊరు సొంత పల్లెలకు వెళ్ళిపోతుంది. ఈ రెండింటి నడుమ వచ్చే ఒక శనివారం సరిపోతుంది. ఇసుకలో వేదిక వేయాలన్న కోరిక చాలామందికి ఉంటుంది కానీ, అది తీరప్రాంత నియంత్రణ నిబంధనలతో ముడిపడిన వ్యవహారం. పైగా చలికాలం చివర్లో ఆలివ్ రిడ్లే తాబేళ్ళు ఇక్కడి తీరంలో గుడ్లు పెడతాయి, తీరాన వెలిగే బలమైన దీపాలు వాటి పిల్లలను సముద్రం వైపు కాకుండా రోడ్డు వైపు నడిపిస్తాయి. సిరిపురంలోని గురజాడ కళాక్షేత్రం, చిల్డ్రన్స్ ఎరీనా వంటి సభామందిరాలను ముందుగా విచారించండి. ఆరుబయలే కావాలనుకుంటే ఆసుపత్రులు, విద్యాసంస్థలు, న్యాయస్థానాల చుట్టూ 100 మీటర్ల మేర నిశ్శబ్ద మండలం ఉండవచ్చని గుర్తుంచుకుని స్థలాన్ని ఎంచుకోండి. మైకు అనుమతి కోసం పోలీసులకు దరఖాస్తు చేసేటప్పుడు ముగింపు వేళను స్పష్టంగా రాయండి.

ఇప్పుడు లెక్క. నాలుగు బ్యాండ్లకు తలా 35 నిమిషాలు, మధ్యలో ఒక బ్యాండు దిగి మరొకటి సిద్ధమయ్యే మూడు మార్పిళ్ళకు 15 నిమిషాల చొప్పున కలిపితే 185 నిమిషాలవుతుంది. సాయంత్రం ఆరున్నరకు మొదలుపెడితే 9.35కు చివరి బ్యాండు ముగిస్తుంది. అందరూ కలిసి పాడే ఒక పాటకు పది నిమిషాలు కేటాయించినా, మరో పావుగంట చేతిలో మిగులుతుంది. ఆ పావుగంటను సన్మానాలకు ఇవ్వకండి. శాలువాలు, జ్ఞాపికలు, లేబుల్ ప్రస్థానం మీద ప్రసంగం ఒకదాని వెంట ఒకటి సాగి, చివరి బ్యాండు రెండు పాటలతో దిగిపోయిన కచేరీని నేను చూశాను. వచ్చినవారికి ప్రసంగం గుర్తులేదు, పాడలేకపోయిన పాటలే గుర్తున్నాయి.

మార్పిళ్ళు పావుగంటలో పూర్తికావాలంటే డ్రమ్ కిట్, బేస్ ఆంప్లిఫయర్ అందరికీ ఒకటే ఉండాలి. డ్రమ్ కిట్‌లోని సింబల్స్ (తాళాల వంటి లోహపు పళ్ళేలు), స్నేర్ (చిన్న డ్రమ్), పెడల్ మాత్రం ఎవరివి వారు తెచ్చుకుంటారు. వేదికపై ఎవరు ఎక్కడ నిలబడతారు, ఎన్ని మైకులు కావాలి అనే పటాన్ని రెండు వారాల ముందే ప్రతి బ్యాండు నుంచీ తీసుకుని సౌండ్ ఇంజనీరుకు అందజేయండి. కచేరీకి ముందు చేసే ధ్వని పరీక్షను, అంటే సౌండ్ చెక్‌ను, తిరగేసిన వరుసలో జరపండి. అంటే చివర వాయించేవారు ముందు, మొదట వాయించేవారు ఆఖరున చేస్తే, ప్రారంభ బ్యాండు అమరిక కదలకుండా అలాగే ఉండిపోతుంది. దీపాలకూ ధ్వని పరికరాలకూ కరెంటు వేర్వేరు లైన్ల నుంచి తీసుకోవడం, ఎర్తింగ్ పరీక్షించడం తప్పనిసరి. లేకపోతే గిటారు ఆగిన ప్రతిసారీ స్పీకర్లలో ఆ గుయ్‌మనే శబ్దం వినిపిస్తూనే ఉంటుంది.

బ్యాండ్లు సొంత పాటలతో పాటు ఇతరుల పాటలు కూడా పాడితే, గీత రచయితలు, సంగీతకర్తల తరఫున లైసెన్సులిచ్చే ఐపీఆర్ఎస్‌ను ముందే సంప్రదించండి. కచేరీని రికార్డు చేసి ఆల్బమ్‌గా తేవాలన్న ఆలోచన ఉంటే నోటిమాట చాలదు. కాపీరైటు చట్టం 19వ సెక్షను ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా ఉండాలి. అందులో కాలపరిమితి రాయకపోతే ఐదేళ్ళుగానూ, ప్రాంతం రాయకపోతే భారతదేశానికే పరిమితంగానూ పరిగణిస్తారు. స్నేహితుల మధ్య కాగితమెందుకు అనే మొహమాటమే చిన్న లేబుళ్ళలో పెద్ద తగాదాలకు మూలం కనుక, సంతకాలు సౌండ్ చెక్‌కు ముందే ముగించండి.

టికెట్ ధర మనిషికి 500 రూపాయలు దాటకపోతే సంగీత కచేరీ ప్రవేశానికి జీఎస్టీ మినహాయింపు ఉంది కనుక, ఆ గీత లోపల ఉండడం లెక్కలకూ విద్యార్థులకూ మేలు. చివరి పాట ముగిసిన రాత్రే బ్యాండ్లకు పారితోషికం చెల్లించి, రికార్డింగును రెండు వేర్వేరు హార్డ్‌డిస్కుల్లో భద్రపరిచి, వాటిని ఇద్దరు వేర్వేరు మనుషుల చేత ఇంటికి పంపండి.