కారం తిని కొవ్వు కరిగించాలనుకుంటున్నారా? అయితే ఇలా చేయండి

కారం తింటే చెమట పడుతుంది, చెమట పడితే కొవ్వు కరిగినట్టే అని లెక్క వేసుకుని, వేడి అన్నంలో నల్లకారం కలిపి దాని మీద నెయ్యి గుమ్మరించుకునే వాళ్లు మనలో చాలామందే ఉన్నారు. చెమట నిజమే. కొవ్వు సంగతీ కొంత నిజమే, కాకపోతే ఆ కొంత ఎంతో ముందు తెలియాలి.

పొట్ట చుట్టూ పేరుకునేది తెల్ల కొవ్వు, అది నిల్వ సరుకు. మెడ దగ్గర, కాలర్ బోన్ పైన, వెన్నెముక వెంబడి కాస్తంత ఉండేది బ్రౌన్ ఫ్యాట్. దీని కణాల నిండా ఇంధనాన్ని శక్తిగా మార్చే మైటోకాండ్రియా ఉంటాయి, వాటిలోని యూసీపీ1 అనే ప్రోటీన్ వల్ల ఇంధనం నేరుగా వేడిగా మారిపోతుంది. ఇది పసిపిల్లల్లోనే పనిచేస్తుందని చాలాకాలం అనుకున్నారు గానీ, 2009లో పెద్దవాళ్లలో కూడా పనిచేస్తోందని పెట్ స్కాన్లలో స్పష్టంగా తేలింది. మిరపకు ఘాటునిచ్చే క్యాప్సైసిన్ నోట్లో, పేగుల్లో ఉన్న నరాల కొసల మీది టీఆర్‌పీవీ1 అనే గ్రాహకాన్ని తడుతుంది (నిజంగా వేడి తగిలినా స్పందించేది ఇదే, 1997లో దీన్ని కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ వచ్చింది). ఆ కబురు మెదడుకు చేరుతుంది, అక్కడి నుంచి మన ప్రమేయం లేకుండా పనిచేసే సింపథెటిక్ నరాలు బ్రౌన్ ఫ్యాట్‌ను మండించమంటాయి.

ఇక ఎంత మండుతుందో చూద్దాం. 2012లో జపాన్ పరిశోధకులు కారం లేని ఒక మిరప రకం నుంచి తీసిన క్యాప్సినాయిడ్లను, అంటే క్యాప్సైసిన్‌కు దగ్గరి చుట్టాలను, 9 మిల్లీగ్రాములు కుర్రాళ్లకు ఇచ్చి కొలిచారు. బ్రౌన్ ఫ్యాట్ చురుగ్గా ఉన్నవాళ్లలో గంటకు సుమారు 15 కిలోజౌళ్లు ఎక్కువ ఖర్చయింది. మన భాషలో మూడున్నర క్యాలరీలు! అది లేనివాళ్లలో దాదాపు ఏమీ జరగలేదు. ఒక్క చెంచా నూనెలో 40 క్యాలరీల దాకా ఉంటాయి, కాబట్టి మిర్చి బజ్జీ తిని కొవ్వు కరిగిస్తానంటే ఆ లెక్క ఎటు పోతుందో మీరే చూసుకోండి.

అందుకే మొదటి పని, ఇప్పుడు తినే కారం పెంచకండి. అలవాటైన వాళ్ల మీద దీని ప్రభావం తక్కువ. అమెరికాలో పర్డ్యూ యూనివర్సిటీ వాళ్లు భోజనంలో 1 గ్రాము కారప్పొడి ఇచ్చి చూస్తే, కొవ్వు, ఉప్పు, తీపి పదార్థాల మీద కోరిక ఎక్కువగా తగ్గింది కారం అలవాటు లేనివాళ్లకే. గుంటూరు కారంతో పెరిగిన నోటికి ఆ 1 గ్రాము ఏ మూలకు?

రెండోది, నా దృష్టిలో అసలైనది: కారాన్ని నూనెకు బదులుగా వాడండి. వేపుడు మానేసి ఆ రోజు రోటి పచ్చడి చేయండి. టమాటాలు, పచ్చిమిర్చి నూనె లేకుండా పెనం మీద కాల్చి, జీలకర్ర, వెల్లుల్లి, ఉప్పు వేసి కచ్చాపచ్చాగా నూరితే తాలింపు అవసరమే రాదు. ఘాటు గింజల్లో ఉంటుందనుకుని వాటిని ఏరి పారేస్తారు గానీ, నిజానికి అది గింజలు అంటుకుని ఉండే తెల్లటి ఈనెలో ఉంటుంది, తగ్గించాలంటే దాన్ని తీసేయండి. కారం ఎక్కువై, దాన్ని చల్లార్చడానికి ఇంకో రెండు ముద్దల అన్నం, ఇంకో చెంచా నెయ్యి వేసుకుంటే చేసిందంతా వృథా. మజ్జిగ తాగండి.

బ్రౌన్ ఫ్యాట్‌ను గట్టిగా కదిలించేది చలి. 17 డిగ్రీల్లో రోజూ 2 గంటల చొప్పున 6 వారాలు ఉంచితే అది ఇంకా చురుకైందని జపాన్ వాళ్లే చూపించారు. మన ఊళ్లలో ఏసీ అలా పెడితే ముందు కరిగేది జీతం, కాబట్టి అది వదిలేసి నడవండి.

ఫ్యాట్ బర్నర్ అని అమ్మే మిర్చి క్యాప్సూల్స్ కొనకండి. ఎసిడిటీ, మొలలు, ఫిషర్ ఉన్నవాళ్లు ఈ ప్రయోగమే పెట్టుకోవద్దు.

ఫలితం తెలియాలంటే రోజూ పొట్ట చూసుకోవడం కాదు, నూనె ప్యాకెట్ విప్పిన తేదీ దాని మీద రాయండి. కూర్చుని పనిచేసే మగవాళ్లకు రోజుకు 25 గ్రాములు, ఆడవాళ్లకు 20 గ్రాములు చాలన్నది హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2011లో ఇచ్చిన లెక్క. నెయ్యి, వెన్న కూడా అందులోవే. ఆ లెక్కన ఇద్దరున్న ఇంట్లో లీటరు ప్యాకెట్ కనీసం 20 రోజులు రావాలి.