ప్రొపెల్లర్‌కు చుట్టుకున్న కుక్క తాడు

ఇంగ్లండ్‌లో కెనెట్ అండ్ ఏవన్ కాలువ మీద వారానికి నేరోబోట్ అనే సన్నటి పొడవాటి పడవ అద్దెకు తీసుకున్నాం. వెడల్పు ఏడడుగులు కూడా ఉండదు, గంటకు 4 మైళ్లు దాటకూడదు. గట్టు మీద నడిచేవాళ్లే మనల్ని దాటిపోతారు! మా కుక్క లడ్డూకి అదే నచ్చింది.

రెండో రోజు దాని తాడు నీళ్లలోకి జారింది. పడవ వణికింది, ఇంజిన్ మూలిగింది, ఇక కదల్లేదు. తాడు ప్రొపెల్లర్‌కు చుట్టుకుంది. అప్పటికి లడ్డూ దానికి కట్టి లేదు, అదృష్టం.

గడతో నెట్టి పడవను గట్టుకు కట్టేశాం. ఇంజిన్ ఆపి తాళంచెవి జేబులో వేసుకున్నాను. ఎవరైనా పొరపాటున స్టార్ట్ చేస్తే నా వేళ్లు ఉండవు మరి. వెనక డెక్ కింద వీడ్ హ్యాచ్ అని ఒక మూత ఉంటుంది. అది తీస్తే చెయ్యి నేరుగా ప్రొపెల్లర్‌కు అందుతుంది. ఐసులాంటి నీళ్లలో తడుముకుంటూ, బ్రెడ్ కోసే పళ్ల చాకుతో అరగంట కోశాను. తీసిన ముక్కల్ని లడ్డూ వాసన చూసి తోక ఊపింది.

మూత తిరిగి బిగించాక రెండుసార్లు చూసుకున్నాను. అది వదులైతే ప్రొపెల్లర్ నీళ్లను లోపలికి ఎగజిమ్ముతుంది, పడవ మునిగిపోవచ్చు. ఇప్పుడు లడ్డూకి వీపు మీద పిడి ఉన్న లైఫ్‌జాకెట్ వేస్తున్నాం. తాడు మాత్రం క్యాబిన్‌లో కొక్కేనికే.