కాంగరీ అడవికి ప్రయాణం – 3వ పాఠం: తేదీ ఖాయం చేసుకునే ముందు నదిని చదవడం

గత రెండు పాఠాల్లో పటం, బస చూశాం. ఈసారి తేదీ. కాంగరీ నేషనల్ పార్క్‌కు వెళ్లేవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. సెలవు దొరికిన వారానికి అమెరికాలోని దక్షిణ కరోలినా రాష్ట్ర రాజధాని కొలంబియా దాకా టికెట్లు కొనేస్తారు, తీరా చేరాక కాలిబాటలు నీళ్లలో ఉంటాయి.

"అక్కడ వాన పడలేదుగా" అనుకోవడం మొదటి పొరపాటు. ఈ అడవిని ముంచేది దానిమీద పడే వాన ఒక్కటే కాదు. ఆ కొలంబియా దగ్గర బ్రాడ్, సలూడా నదులు కలిసి కాంగరీ నది అవుతాయి. ఎగువన వాటి పరీవాహకంలో గట్టిగా కురిస్తే, పార్క్‌లో ఎండ కాస్తుండగానే నీరు చెట్ల మధ్యకు వచ్చేస్తుంది. సలూడా మీది ఆనకట్ట నుంచి వదిలే నీరూ తోడవుతుంది. ఇలా సగటున ఏడాదికి పదిసార్లు జరుగుతుంది. శీతాకాలంలో, వసంతం మొదట్లో ఎక్కువ. అప్పుడు చెట్లకు ఆకులుండవు కాబట్టి అవి నేలలోంచి పీల్చే నీరు తక్కువ, ఆవిరయ్యేదీ తక్కువ.

దీన్ని చిత్తడి అనే పిలుస్తారు గానీ, ఏడాది పొడవునా నీరు నిలిచే నేల కాదిది. వరద వచ్చి, ఒండ్రు పరిచి, వెళ్లిపోతుంది. అక్కడి లాబ్లాలీ పైన్ చెట్లలో కొన్ని 50 మీటర్లు దాటి పెరగడంలో ఆ ఒండ్రుకు పెద్ద పాత్రే ఉంది. కాబట్టి వరదను ఆటంకంగా చూడకండి. అది ఏ దశలో ఉందో తెలుసుకుని వెళ్లాలి, అంతే.

అమెరికా భూగర్భ సర్వే సంస్థ వెబ్‌సైటులో రెండు గేజ్‌ల (నీటిమట్టం కొలిచే సాధనాల) గ్రాఫ్‌లు తెరవండి. ఒకటి కొలంబియా దగ్గర కాంగరీ నదిది, రెండోది పార్క్‌లోని సీడర్ క్రీక్ అనే వాగుది. మొదటిది ముందస్తు కబురు, రెండోది మీరు నడవబోయే చోటి పరిస్థితి. కొలంబియా గ్రాఫ్‌లో గీత నిటారుగా లేస్తే, పార్క్‌లో నీరు పెరగడానికి సిద్ధంగా ఉండాలి.

గేజ్ చూపే అడుగులు నీటి లోతు కావు. ఒక స్థిరమైన గుర్తు నుంచి కొలిచిన మట్టం అది. "8 అడుగులంటే మనిషి మునిగే లోతు" అని లెక్కగడితే తప్పు. అంకె కన్నా గీత పోకడ ముఖ్యం. ఒక్క రోజుది కాక, కనీసం 7 రోజుల గీత చూడండి. ఎక్కేటప్పుడు నిటారుగా, దిగేటప్పుడు ఏటవాలుగా ఉండటం గమనిస్తారు. పల్లాల్లోకి, పాత కాలువల్లోకి చొరబడ్డ నీరు మెల్లగా గానీ తిరిగి నదిలోకి జారదు. అందుకే మట్టం తగ్గిన వెంటనే బాటలు ఆరవు. బురద మిగులుతుంది, చెక్కబాటల మీద జారుడు మట్టి ఉంటుంది.

ఇక దారులు. సందర్శక కేంద్రం నుంచి బయలుదేరే బోర్డువాక్ (చెక్కలు పరిచిన బాట) చుట్టు సుమారు 4 కిలోమీటర్లు. అందులో కొంత ఎత్తు స్తంభాల మీద, కొంత నేలకు దగ్గరగా ఉంటుంది. వరదలో ముందు మునిగేది ఆ కింది భాగం. పెద్ద వరదైతే పై భాగాన్నీ తాకుతుంది. వెస్టన్ లేక్, ఓక్‌రిడ్జ్ బాటలు నేలమీదివి కాబట్టి నీరు పెరుగుతుంటే వాటిని వదిలేయండి. మెరక మీది బ్లఫ్ ట్రెయిల్‌ను ప్రత్యామ్నాయంగా రాసుకోండి. చెట్లు విరిగిపడి బోర్డువాక్‌లో కొంత మూసేసే సందర్భాలూ ఉంటాయి. ప్రయాణం ముందురోజు పార్క్ వెబ్‌సైటులో ప్రస్తుత పరిస్థితుల పేజీ తప్పక చూడండి.

సీడర్ క్రీక్‌లో కెనూ (తెడ్డుతో నడిపే సన్నటి పడవ) వేయాలనుకుంటే పద్ధతి మారుతుంది. మట్టం బాగా తక్కువైతే పడిన దుంగల మీదుగా పడవ లాగాలి. ఎక్కువైతే గట్లు కనబడవు, నీరు అడవంతా పరుచుకుని కాలువ ఎటో తెలియదు, ప్రవాహం పడవను కొమ్మల్లోకి నెట్టేస్తుంది. అదే అసలు ప్రమాదం. మామూలు మట్టంలో, దిగిన రేవుకే తిరిగి రావాలంటే ముందు ప్రవాహానికి ఎదురుగా తెడ్డు వేయండి. అలసిపోయాక ప్రవాహమే వెనక్కి తెస్తుంది.

కాలాల్లో మా ఓటు వసంతం చివరికీ, శరదృతువుకూ. వేసవిలో ఉక్క, దోమలు రెండూ తీవ్రం. మే మధ్య నుంచి జూన్ మధ్యలోపు సుమారు రెండు వారాలు మిణుగురులు ఒకే తాళంలో వెలుగుతాయి. ఆ సాయంత్రాలకు లాటరీలో వాహన పాస్ రావాలి, కాబట్టి దానికి ముందే దరఖాస్తు పెట్టుకోవాలి. మామూలు పగటి సందర్శనకు ప్రవేశ రుసుము లేదు.

అభ్యాసం: ఈ వారం రోజూ ఒకే సమయానికి రెండు గేజ్‌ల అంకెలు నోట్‌బుక్‌లో రాయండి. కొలంబియాలో మట్టం లేచాక సీడర్ క్రీక్‌లో ఎన్ని రోజులకు కదలిక వచ్చిందో పక్కన గుర్తించండి. 4వ పాఠంలో పాదరక్షలు, తాగునీరు, దోమల మందు లెక్కకు ఆ పేజీ కావాలి.