పిల్లల పళ్ళ లెక్క తప్పినప్పుడు: చూసే పద్ధతి, వెతకవలసిన కారణాలు

పన్ను తక్కువైందనో ఎక్కువైందనో తేల్చుకోవడానికి ముందు పళ్ళను ఒకసారి నిదానంగా లెక్కపెట్టాలి. బిడ్డను పగటిపూట కిటికీకి ఎదురుగా కూర్చోబెట్టి, చెంచా కాడతో బుగ్గను పక్కకు జరిపి, పై దవడలోనూ కింది దవడలోనూ మధ్యగీత నుంచి కుడి, ఎడమ వైపులను విడివిడిగా లెక్కించి, దేవస్థానం వారి పాత క్యాలెండరు కాగితం వెనుక నాలుగు గళ్ళు గీసి రాసుకుంటే సరిపోతుంది. పాలపళ్ళు గడికి 5 చొప్పున 20, శాశ్వత దంతాలు గడికి 8 చొప్పున 32.

ఈ అంకెలను వయసుతో కలిపి చూడాలి. పాలపళ్ళు ఆరో నెల ప్రాంతంలో మొదలై మూడేళ్ళకు పూర్తవుతాయి. ఆరేళ్ళకు వచ్చే మొదటి పెద్ద దవడపన్ను ఏ పాలపన్నూ ఊడకుండానే వెనుక వైపు మొలుస్తుంది కాబట్టి చాలామంది దానిని అదనపు పన్ను అనుకుంటారు. పదమూడేళ్ళకు 28 ఉంటే లెక్క సరిపోయినట్టే, ఎందుకంటే మిగిలిన నాలుగు జ్ఞానదంతాలు పదిహేడు దాటాక వస్తాయి, కొందరికి అసలు రావు. ఆరేడేళ్ళ పిల్లల్లో కింది ముందుపళ్ళు రెండు వరుసలుగా కనిపించడం కూడా అధిక దంతం కాదు, పాలపన్ను ఊడకముందే దాని వెనుక కొత్తది వచ్చిందంతే. ఒక వైపు పన్ను వచ్చి ఆరు నెలలు దాటినా రెండో వైపు జంట పన్ను రాకపోతే మాత్రం వైద్యుడికి చూపించాలి.

జ్ఞానదంతాలను పక్కన పెడితే, లేకుండా పోయేవి ఎక్కువగా కింది రెండో చిన్న దవడపన్ను, పై ముందుపళ్ళ పక్కన ఉండే పన్ను. దీనికి ప్రధాన కారణం వంశపారంపర్యం. పంటిమొగ్గను ఏర్పరచే ఎంఎస్ఎక్స్1, పాక్స్9, డబ్ల్యుఎన్‌టి10ఏ వంటి జన్యువుల్లో మార్పు ఉంటే ఆ మొగ్గే పుట్టదు. కాబట్టి ఇంట్లో పెళ్ళి ఫోటోలు తీసి మేనమామ, పెద్దమ్మ, తాత నవ్వులను పరీక్షగా చూడండి. పక్క పన్ను మేకులా సన్నగా ఉన్నవారు ఒకరు కనిపించినా ఆ మాట వైద్యుడికి చెప్పాలి, ఎందుకంటే అది కూడా ఇదే లోపానికి తేలికైన రూపం. గ్రహణం మొర్రి, డౌన్ సిండ్రోమ్, చిన్నతనంలో క్యాన్సరుకు తీసుకున్న కీమోథెరపీ, రేడియేషన్ కూడా కారణాలే.

ఆరు, అంతకంటే ఎక్కువ శాశ్వత దంతాలు లేకపోవడం, ఉన్నవి మొనదేలి ఉండటం మరింత జాగ్రత్తగా చూడవలసిన విషయం. తిరుమలలో పుట్టువెంట్రుకలు తీయించాక జుట్టు పలచగా వస్తే, నెమ్మదిగా ఒత్తుగా వస్తుందిలే అని సరిపెట్టుకోవడం మన అలవాటు. జుట్టు పలచదనంతో పాటు పళ్ళు తక్కువగా ఉండి, చెమట పట్టకపోతే అది ఎక్టోడెర్మల్ డిస్ప్లాసియా, అంటే జుట్టు, పళ్ళు, చెమట గ్రంథులు పుట్టుకతోనే సరిగా ఏర్పడని జన్యులోపం కావచ్చు. తిరుపతి, రేణిగుంట ఎండల్లో ఒళ్ళు చల్లబడే దారి లేని అలాంటి బిడ్డకు వేసవి ప్రాణాపాయమే కనుక, పళ్ళ సంగతి తర్వాత, ముందు పిల్లల వైద్యుడికి చూపించాలి. సింధు ప్రాంతంలోని ఒక హిందూ కుటుంబంలో నాలుగు తరాల్లో పదిమంది మగవారికి పళ్ళు అతి తక్కువగా ఉండటాన్ని, అది కూతుళ్ళ ద్వారా మనవళ్ళకు సంక్రమించడాన్ని డార్విన్ 1875లోనే నమోదు చేశాడు. ఈ లోపంలో ఎక్కువగా కనిపించే రకం తల్లి ఎక్స్ క్రోమోజోమ్ మీదుగా కొడుకుకు వస్తుందని ఇప్పుడు తెలుసు. మేనరికాల్లోనూ కొన్ని రకాలు బయటపడతాయి, తల్లిదండ్రులిద్దరిలో దాగి ఉన్న ఒకే జన్యులోపం బిడ్డలో కలుస్తుంది కనుక.

అధిక దంతాల్లో తరచుగా కనిపించేది పై ముందుపళ్ళు రెండింటి మధ్య ఉండే చిన్న శంఖాకారపు పన్ను. అది చిగురు లోపలే ఉండిపోయి, పై ముందుపన్నును రానివ్వకుండా అడ్డుపడవచ్చు. పంటిమొగ్గలను పుట్టించే కణాల పట్టీ అవసరాన్ని మించి పనిచేయడం దీనికి కారణమని ఎక్కువమంది నిపుణుల అభిప్రాయం. మగపిల్లల్లో ఇది సుమారు రెట్టింపు. అధిక దంతాలు చాలా ఉండి, భుజాలు రెండూ ఛాతీ ముందుకు దగ్గరగా రాగలిగితే, మెడ కింద భుజాల వైపు వెళ్ళే కాలర్ ఎముకలను ప్రభావితం చేసే క్లైడోక్రేనియల్ డిస్ప్లాసియాను అనుమానించాలి.

పుట్టుకతోనే పన్ను ఉన్న బిడ్డ మేనమామకు గండమన్న మాటను నమ్మి దానిని పీకించవద్దు. అలాంటివి చాలావరకు ముందుగా వచ్చిన అసలు పాలపళ్ళే. అది ఊగిసలాడుతుంటే, లేదా పాలు తాగేటప్పుడు తల్లికి గాయమవుతుంటే అప్పుడు వైద్యుడు నిర్ణయిస్తారు.

లెక్క రాసిన కాగితంతో తిరుపతిలో రుయా ఆసుపత్రి వంటి చోట దంత విభాగానికి వెళ్ళి, దవడలు రెండూ ఒకే చిత్రంలో కనిపించే ఓపీజీ ఎక్స్‌రే అవసరమా అని అడగాలి. కొన్నిసార్లు రాలేదనుకున్న పన్ను ఎముకలో అడ్డంగా పడుకుని ఉంటుంది. మా అక్క కూతురికి పన్నెండేళ్ళప్పుడు ఒక క్లినిక్కులో ఎక్స్‌రే లేకుండానే పాలపన్ను తీసేశారు. దాని కింద రావలసిన పన్నే లేదని తర్వాత తెలిసింది. వేళ్ళు గట్టిగా ఉన్న పాల దవడపన్ను అలాంటి చోట దశాబ్దాల పాటు పనిచేయగలదు. ఇంప్లాంటు అంటారా, దవడ పెరుగుదల ఆగాకనే, అంటే సుమారు 18 ఏళ్ళు దాటాకనే దాని ఆలోచన. అంతవరకు ఆ ఖాళీని ఎలా కాపాడాలో వైద్యుడిని అడిగి, అదే వారంలో తోబుట్టువుల పళ్ళను కూడా లెక్కపెట్టండి.