మా బేకరీ చరిత్ర రాయాలంటే
తాతయ్య బేకరీ ఎప్పుడు పెట్టారని అడిగితే మా బాబాయి ‘చాలా ఏళ్లయింది’ అంటారు. అలా అడగకూడదు. ‘ప్రకాశం బ్యారేజీ వచ్చాకా, అంతకుముందా?’ అనండి, అది 1957. ‘దివిసీమ ఉప్పెనప్పుడు బట్టీ వెలిగిందా?’ అనండి, అది 1977 నవంబర్. వెంటనే నోరు విప్పుతారు: ఆ వారం కట్టెలన్నీ తడిసి పొగ తప్ప మంట రాలేదట, రస్కులు పొగవాసన కొట్టాయట. అన్నది అన్నట్టే రాసుకోండి, దిద్దకండి.

తర్వాత ఖాతా పుస్తకాలు. మా గవర్నరుపేట కొట్లో డాల్డా మరకలంటిన ఆ పేజీల్లోనే అసలు సంగతులున్నాయి: మైదా బస్తా ధర, ఎవరెవరికి ఎంత అరువు. పగటి వెలుతురులో ఫోనుతో ఫొటోలు తీయండి. ఫ్లాష్ వేస్తే వెలిసిన సిరా కనపడదు. లైసెన్సు కాగితాలు చివర చూడొచ్చు. మావాటిలో తాతయ్య పేరే తప్పు.